ఎక్స్‌క్లాక్‌లో పెద్ద అంకెలు, కదిలే సెకన్లు రావాలంటే ఏ ఆజ్ఞ ఇవ్వాలి?

ప్రశ్న: విజయవాడ, సత్యనారాయణపురం నుంచి

అందరికీ నమస్కారం. నేను రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యాను. పోయిన నెల కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. రెండు రకాల చుక్కల మందు ఇచ్చారు. మొదటిది వేశాక అయిదు నిమిషాలు ఆగి రెండోది వేసుకోమన్నారు. పడక కుర్చీలో వాలి మందు వేసుకుంటే ఎదురుగా బల్ల మీద కంప్యూటర్ కనిపిస్తుంది. మా అబ్బాయి అందులో విండోస్ లాంటిదే అయిన లినక్స్ వేసి ఇచ్చాడు. దాని మూలన ఉండే గడియారం చీమంత ఉంటుంది, అక్కడి నుంచి నాకు ఆనదు.

ఎక్స్‌క్లాక్ అనే చిన్న ప్రోగ్రాం ఉందని తెలిసి టెర్మినల్‌లో, అంటే ఆజ్ఞలు కొట్టే కిటికీలో, ఆ పేరు కొట్టాను. గుండ్రటి గడియారం వచ్చింది, సెకన్ల ముల్లు లేదు. పేరు తర్వాత హైఫన్ పెట్టి డిజిటల్ అని చేరిస్తే వారం, నెల, తేదీ, సమయం, సంవత్సరం అన్నీ ఒకే వరసలో సన్నగా వచ్చాయి. సెకన్లు ఉన్నాయి గానీ నిమిషం పాటు కదలవు. ఆగిన గడియారం కన్నా ఇది నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. ఆగినది ఆగిందని కాసేపట్లో తెలిసిపోతుంది. ఇది నడుస్తున్నట్టే ఉండి తప్పు సెకను చూపిస్తుంది.

గంటలు, నిమిషాలు, సెకన్లు మాత్రం చాలు. 24 గంటల లెక్కలో ఉండాలి. మధ్యాహ్నం రెండున్నరను 14:30 అని తప్ప మరోలా రాయని చెయ్యి నాది. పది అడుగుల దూరానికి కనిపించాలి.

సమాధానం: గుంటూరు, బ్రాడీపేట నుంచి

మాస్టారు గారూ, మీ గడియారంలో లోపమేమీ లేదు. మనం చెప్పకపోతే ఎక్స్‌క్లాక్ 60 సెకన్లకోసారి మాత్రమే తెర మీది సమయాన్ని మారుస్తుంది. ఆ వ్యవధిని మనమే ఇవ్వాలి. ఆజ్ఞను పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి:

ఎక్స్‌క్లాక్ -డిజిటల్ -అప్‌డేట్ 1 -ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్ %టీ -ఫేస్ మోనో-96 -ఎఫ్‌జీ ఎల్లో -బీజీ బ్లాక్ &

శాతం గుర్తు పక్కనున్న టీ తప్పకుండా పెద్దక్షరం కావాలి. 24 గంటల లెక్కలో గంటలు, నిమిషాలు, సెకన్లు అని దాని అర్థం. ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్ పని చేయాలంటే డిజిటల్ కూడా ఉండి తీరాలి. మోనో అక్షరాల్లో ప్రతి అంకె ఒకే వెడల్పులో ఉంటుంది కాబట్టి సెకను మారినప్పుడల్లా వరస అటూ ఇటూ జరగదు. 96 చాలకపోతే పెంచుకోండి. కొత్తగా ఆపరేషన్ అయిన కంటికి తెల్లటి తెర గుచ్చుకుంటుందని నేపథ్యం నలుపు పెట్టాను. మా అమ్మకు అలాగే చేశాను.

ముళ్ళ గడియారమే ఇష్టమైతే అప్‌డేట్ విలువ 30 గానీ అంతకన్నా తక్కువ గానీ ఇస్తే సెకన్ల ముల్లు దానంతట అదే వస్తుంది.

అడిగినవారు

చాలా సంతోషమమ్మా. 120 పెట్టాను, వంటింటి గుమ్మం దగ్గర నుంచి కూడా కనిపిస్తోంది.

అయితే అంకెలు పెద్దవయ్యాక అసలు సంగతి బయటపడింది. ఫోనుతో పోల్చి చూస్తే కంప్యూటర్ దాదాపు నాలుగు నిమిషాలు వెనక ఉంది. మందుకు అయిదు నిమిషాల ఎడమే కావాలి కాబట్టి దీనితో నా పని జరిగిపోతుంది. అయినా ఒప్పుకోలేను. రైల్వే నియమాల్లో ప్రామాణిక సమయాన్ని రోజూ 16 గంటలకు ముఖ్య స్టేషన్లకు తెలియజేయాలని ఉంది. స్టేషన్ గడియారం ఆ సమయానికి సరిగ్గా ఉండాలి. రెండు పక్క స్టేషన్ల రిజిస్టర్లలో ఒకే బండికి రెండు రకాల సమయాలు ఉంటే అది ఎక్కడ ఎంతసేపు ఆగిందో ఎవరూ తేల్చలేరు. మన దేశపు కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. విజయవాడ దానికి పడమరన ఉంది కాబట్టి సూర్యుడి లెక్కలో మనం ఏడు నిమిషాలకు పైగా వెనక ఉంటాం. అయినా కృష్ణా వంతెన మీద బండి సూర్యుణ్ణి చూసి కదలదు. ఊరందరిదీ ఒకే సమయం కావాలి, నా గదిలోది కూడా. ఎలా సరిచేయాలి?

సమాధానం: విజయవాడ, మొగల్రాజపురం నుంచి

మాస్టారు గారూ, ఎక్స్‌క్లాక్ సమయాన్ని తయారు చేయదు, కంప్యూటర్ చెప్పినది చూపిస్తుంది అంతే. టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ అని కొట్టండి. టైమ్ జోన్ ఎదురుగా ఏషియా/కోల్‌కతా ఉండాలి, గడియారం సింక్రొనైజ్ అయిందా, అంటే బయటి సరైన సమయంతో కలిసిందా, అన్నదానికి యస్ ఉండాలి. నో అని ఉంటే ఇది ఇవ్వండి:

సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-ఎన్‌టీపీ ట్రూ

ఇక నుంచి ఇంటర్నెట్ ద్వారా సమయం సరిచూసుకుంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ కూడా తప్పుతుంటే మదర్‌బోర్డు మీది సెల్లు అయిపోయి ఉంటుంది. రూపాయి బిళ్ళలా గుండ్రంగా ఉంటుంది, చాలా కంప్యూటర్లలో సీఆర్ 2032 రకమే. ప్లగ్గు తీసేశాకే డబ్బా విప్పండి.

కంప్యూటర్ ఆన్ చేయగానే గడియారం రావాలనుకుంటే ఒక జాగ్రత్త. లాగిన్ కాగానే నడిచే ప్రోగ్రాముల జాబితాలో మీ ఆజ్ఞను రాసేటప్పుడు శాతం గుర్తును రెండుసార్లు వేయాలి. అక్కడ ఒంటి శాతం గుర్తుకు వేరే అర్థం ఉంది. చివరి & కూడా వద్దు. నేను ఇది తెలియక ఒక సాయంత్రమంతా కూర్చున్నాను.

అడిగినవారు

నో అనే ఉంది. మీరు చెప్పిన ఆజ్ఞ ఇచ్చాక నిమిషంలోపే నాలుగు నిమిషాలూ సర్దుకున్నాయి. నిన్న 16:00:00కు ఫోనూ తెరా పక్కపక్కన పెట్టుకుని చూశాను, రెండూ ఒకేసారి మారాయి.

రాత్రి కరెంటు పోయింది. తిరిగి ఆన్ చేస్తే, ఇంటర్నెట్ పెట్టె తేరుకునే దాకా తేదీ తప్పే చూపించింది. ఈ ఉదయం పక్కింటి కుర్రాడి చేత సెల్లు మార్పించాను. శాతం గుర్తు రెండుసార్లు వేశాను, గడియారం తనంతట తనే వస్తోంది. సెల్లు మార్చిన తేదీ, సమయం చీటీ మీద రాసి డబ్బా లోపలి వైపు అంటించాను.