ఎక్స్‌ప్రెస్‌లో ఒకే రౌట్ మూడు భాషలకు మూడుసార్లు రాస్తున్నా, తగ్గించే దారి ఉందా?

పర్లాకిమిడి_కుర్రాడు:
అందరికీ నమస్తే. ఇక్కడ ఒక జీడిపప్పు హోల్‌సేల్ షాపుకి ఆర్డర్ల సైట్ చేస్తున్నాను, నోడ్, దాని మీద నడిచే వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఎక్స్‌ప్రెస్ 4. కొనేవాళ్లలో పాతపట్నం, టెక్కలి వైపు తెలుగువాళ్లున్నారు, మిగతావాళ్లు ఒడియా, బిల్లులు చూసే ఆడిటర్‌కేమో ఇంగ్లీషు కావాలి. దాంతో /ఓఆర్/ఐటమ్స్, /టీఈ/ఐటమ్స్, /ఈఎన్/ఐటమ్స్ అని ప్రతి రౌటూ (ఏ అడ్రస్ కొడితే ఏ కోడ్ నడవాలో చెప్పే ముక్క) మూడేసి సార్లు రాశాను. ఆర్డర్లకీ అంతే, కస్టమర్లకీ అంతే. పైగా ఐడీ ఉన్న ప్రతిచోటా డేటాబేస్‌లో వెతుకు, దొరక్కపోతే 404 (దొరకలేదు అనే జవాబు) పంపు, అదే ముక్క మళ్లీ మళ్లీ. లాగిన్ చెక్ సంగతి చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఓనర్ గారు రోజువారీ రేట్ల పేజీ కూడా కావాలంటున్నారు, ఆ ఫైల్ తెరవాలంటేనే నీరసం వస్తోంది. అన్నీ ఒక టేబుల్‌లో రాసుకుని లూప్‌తో పుట్టించేద్దామా?

బరంపురం_బావ:
లూప్ దాకా వెళ్లకు తమ్ముడూ, ముందు భాషని రౌట్లలోంచి తీసెయ్. యాప్.యూజ్‌లో /:లాంగ్ అని ఒక్కసారి పెట్టి దాని కింద ఒకే రౌటర్ (రౌట్ల గుంపు) తగిలించు, ఆ రౌటర్ మొదట్లోనే వచ్చిన కోడ్ మూడింట్లో ఉందా లేదా చూసి, లేకపోతే 404, ఉంటే రెస్.లోకల్స్‌లో (ఆ రిక్వెస్ట్ వరకు విలువలు పెట్టుకునే చోటు) దాచెయ్. రేపు జైపూర్ వైపు బేరాలు మొదలై హిందీ అడిగినా ఆ జాబితాలో ఒక్క కోడ్ చేరిస్తే చాలు.
ఆ రౌటర్ తయారుచేసేటప్పుడు మెర్జ్‌పారమ్స్ ట్రూ అని ఇవ్వాలి, లేకపోతే లోపల లాంగ్ విలువ అన్‌డిఫైన్డ్ అనే వస్తుంది, ఎర్రర్ కూడా రాదు, తల పట్టుకుంటావ్. ఇమేజ్‌లు, సీఎస్ఎస్ ఇచ్చే స్టాటిక్ లైన్ దీనికంటే పైన ఉండాలి, ఎందుకంటే /:లాంగ్ ఏదొచ్చినా పట్టేస్తుంది. పాత్‌లోనే బ్రాకెట్లలో మూడు కోడ్లూ రాసే పద్ధతి ఎక్స్‌ప్రెస్ 4లో పనిచేస్తుంది గానీ 5లో తీసేశారు, చెక్ విడిగా రాసుకోవడమే మేలు.

కోరాపుట్_అక్క:
ఐడీ గొడవకి రౌటర్.పారమ్ ఉంది కదా. ఒక్కసారి రాస్తే :ఐడీ ఉన్న ప్రతి రౌట్‌కీ ముందు అదే నడుస్తుంది, ఐటమ్ తెచ్చి రిక్వెస్ట్‌కి తగిలిస్తుంది, 404 కూడా అక్కడే. ఇది రాసిన రౌటర్ వరకే పనిచేస్తుంది, కింద తగిలించిన వాటికి పాకదు. నీకదే కావాలి, ఐటమ్ ఐడీ వేరు, ఆర్డర్ ఐడీ వేరు. /ఐటమ్స్/న్యూ అనేది /ఐటమ్స్/:ఐడీ కంటే పైన రాయి, లేదంటే న్యూ అనే ఐడీ కోసం డేటాబేస్‌లో వెతుకుతుంది. లాగిన్ చెక్ రౌటర్.యూజ్‌లో పెట్టు, దాని కింద లైన్లన్నిటికీ వర్తిస్తుంది, పైవాటికి వర్తించదు.

సిరొంచ_డెవ్:
లూప్ మాత్రం వద్దు. లారవెల్‌లో (పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్) రిసోర్స్ అని ఒక్క లైన్ రాస్తే 7 రౌట్లు పుడతాయి, బాగానే ఉంటుంది, కానీ అక్కడ కూడా అక్కర్లేనివి తీసేయడానికి ఓన్లీ, ఎక్సెప్ట్ ఇచ్చారు. నీ లూప్‌లో ఆర్డర్లకి కూడా డిలీట్ వచ్చేస్తుంది. ఆర్డర్ క్యాన్సిల్ అవ్వాలి గానీ చెరిగిపోతే స్టాకు, బిల్లు నంబర్లు ఎవరు సర్దుతారు? ఏదైనా తేడా వచ్చి పాత్ పేరుతో ఎడిటర్‌లో వెతికితే ఒక్కటీ దొరకదు. బావ, అక్క చెప్పింది చేశాక ఒక్కోదానికి మిగిలేది నాలుగైదు లైన్లే, అవి కంటికి కనబడితే నష్టమేంటి? ప్రతి హ్యాండ్లర్‌లో (రౌట్‌కి నడిచే ఫంక్షన్) ఎర్రర్లు పట్టుకోవడానికి ట్రై, క్యాచ్ రాస్తుంటే ఎక్స్‌ప్రెస్ 5కి మారు, ఎసింక్ ఎర్రర్లు దానంతటదే ఎర్రర్ హ్యాండ్లర్‌కి పంపుతుంది.

పర్లాకిమిడి_కుర్రాడు:
భాష, ఐడీ రెండూ సర్దేశాను, థాంక్స్ బావా, అక్కా. లూప్ ఆలోచన మానేశా. ఎవరైనా భాష లేకుండా ఉత్త డొమైన్ కొడితే ఎటు పంపాలి?

బరంపురం_బావ:
రిక్వెస్ట్‌లో యాక్సెప్ట్స్‌లాంగ్వేజెస్ ఉంది, మూడు కోడ్లూ ఇస్తే బ్రౌజర్ అడిగేదేదో చెబుతుంది, ఏదీ కుదరకపోతే ఫాల్స్ ఇస్తుంది, అప్పుడు ఒడియాకి పంపు. కానీ మన వైపు చాలామంది ఫోన్ ఇంగ్లీషులోనే వదిలేస్తారు, అందుకని పైన భాష మార్చే బటన్ పెట్టి, ఎంచుకున్నది కుకీలో దాచి, ముందు ఆ కుకీ చూడు.