స్నేహితుడి సంవత్సరీకానికి రక్తదాన శిబిరం, అతను రాసుకున్న దాతల పుస్తకం – సలహా కావాలి

కొబ్బరితోట (అంబాజీపేట వైపు)

మా స్నేహితుడు కాలం చేసి ఈ చైత్ర బహుళానికి ఏడాదండి. అమలాపురంలో గానీ కాకినాడలో గానీ ఎవరికి రక్తం కావాల్సొచ్చినా మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మొదట ఫోను చేసేది అతనికే. దాత పేరు, ఊరు, గ్రూపు, ఆఖరుసారి ఇచ్చిన తేదీ ఓ పుస్తకంలో రాసుకునేవాడు. మూడొందల పేర్ల దాకా ఉన్నాయి. ఆ పుస్తకం వాళ్ళావిడ మా చేతికిచ్చారు. సెంటర్లో విగ్రహం పెడదామని కొందరు, తద్దినం రోజునే భోజనాలూ రక్తదానమూ కలిపి పెడదామని కొందరు, మూడొందల మందినీ ఒకేసారి పిలిచి రికార్డు కొడదామని కుర్రాళ్ళు. ఏది పనికొస్తుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

రేవుగట్టు

రికార్డు సంగతి ముందు వదిలెయ్యండి. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో పెట్టినా 42 రోజులకు మించి నిలవుండవు, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. ఒక్క రోజున మూడొందల సంచులు దింపితే కొంత వాడకుండానే గడువు దాటిపోతుంది. అసలు నష్టం ఆ తర్వాతది. మగవాళ్ళు 90 రోజులు, ఆడవాళ్ళు 120 రోజులు ఆగితే గానీ మళ్ళీ ఇవ్వకూడదు. చైత్రంలో అందరి దగ్గరా తీసేసుకుంటే వైశాఖ జ్యేష్ఠాల్లో, కాలేజీలకు సెలవులిచ్చి రక్తానికి కటకటలాడే రోజుల్లో, మీ పుస్తకంలో ఫోను చెయ్యడానికి ఒక్క పేరుండదు. మూడు నెలలకోసారి అరవై, డెబ్భై మంది చొప్పున పెట్టండి. తలసేమియా (ఒంట్లో రక్తం సరిగా తయారవని జబ్బు) ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కించాలి. వాళ్ళకు కావాల్సింది ఏడాది పొడవునా వచ్చే రక్తం.

తిథి రోజున వద్దు. ఇంట్లోవాళ్ళు కార్యంలో ఉంటారు, వచ్చినవాళ్ళు భోజనాల కోసం కడుపు మాడ్చుకుని కూర్చుంటారు. పరగడుపున రక్తమిస్తే కళ్ళు తిరుగుతాయి. పైగా అప్పుడు దాళ్వా (రెండో పంట వరి) కోతలు, ఎండలు. ఉగాదికి ముందే ఓ ఆదివారం చూసుకోండి, పొద్దున్న ఎనిమిది నుంచి పన్నెండు దాకా. వచ్చినవాళ్ళకు ముందు ఇడ్లీయో ఉప్మాయో పెట్టి, ఇచ్చే ముందు అర లీటరు నీళ్ళు తాగించండి. భోజనాలు తర్వాత.

నెల ముందే లైసెన్సున్న రక్తకేంద్రానికి (బ్లడ్ బ్యాంకుకి) ఉత్తరం ఇవ్వండి. డాక్టరు, టెక్నీషియన్లు, సంచులు, మంచాలు వాళ్ళవే. చోటు, కరెంటు, జనరేటరు, టిఫిన్లు మీవి. ఒక్కో మంచం మీద గంటకు ముగ్గురు, నలుగురికి మించి అవదు, నాలుగు మంచాలకు అరవై మందంటే ఉదయమంతా పడుతుంది. రేవు దాటాల్సిన లంకలో పెట్టకండి. ప్లేట్‌లెట్లు విడదీయాలంటే తీసిన ఆరు, ఎనిమిది గంటల్లోపు రక్తం కేంద్రానికి చేరాలి. పంటు కోసం రేవులో కూర్చుంటే ఆ పని చెడుతుంది.

వయసు 18–65, బరువు కనీసం 45 కిలోలు. 450 మిల్లీలీటర్ల సంచికైతే 55 దాటాలి. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఆడవాళ్ళు ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు, మొహమాటపడకుండా ఐరన్ మాత్రల గురించి అక్కడున్న డాక్టరుతోనే చెప్పించండి. మలేరియా తగ్గి మూడు నెలలు, పచ్చబొట్టు పొడిపించుకుని ఏడాది కాకపోతే ఇవ్వకూడదు. ముందురోజు రాత్రి మందు కొట్టినవాళ్ళను ఫొటోల కోసం పంపొద్దు.

మన వైపు మరీ చూసుకోవాల్సినది: కొబ్బరి దింపు తీసేవాళ్ళు ఆ రోజు చెట్టెక్కకూడదు. కోత మిషను తోలేవాళ్ళూ అంతే. మర్నాడు పని లేనివాళ్ళనే పిలవండి. ఇచ్చాక పావుగంట కుర్చీలో కూర్చోబెట్టండి. మొదటిసారి ఇచ్చే కుర్రాళ్ళు లేచి నాలుగడుగులు వేశాకే పడిపోతుంటారు. అలా అయితే చుట్టూ మూగకుండా వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళెత్తి పట్టుకోవడమే.

గోదారి గాలి

శిబిరం ఒక పూట పని. ఆ పుస్తకాన్ని బతికించడం పెద్ద పనండి, ఆయన చేసిందీ అదే కదా. వాళ్ళంతా నంబరు ఇచ్చింది ఆయనకు, మీకు కాదు. ఒక్కొక్కరికీ ఫోను చేసి ‘ఆయన బదులు మేం పిలిస్తే వస్తారా’ అని అడగండి. ఒప్పుకోనివాళ్ళ పేరు కొట్టెయ్యండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం జాబితా పెట్టకండి. రక్తం ఇప్పిస్తామని రోగి బంధువుల దగ్గర డబ్బు గుంజే బ్రోకర్లకు అది చేరిందంటే దాతలు ఫోనెత్తడం మానేస్తారు.

ఫోను ఎత్తే బాధ్యత ఇద్దరికే ఉంచండి, పగలొకరు, రాత్రొకరు. ఎవరడిగినా ఆసుపత్రి ముద్రున్న రిక్వెస్టు ఫారం ఫొటో పంపమనండి: రోగి పేరు, వార్డు, గ్రూపు, ఎన్ని సంచులు, తేదీ. తేదీ లేని ‘అర్జెంట్’ మెసేజీల్లో సగం ఎప్పుడో తీరిపోయిన అవసరాలే. దాతను పంపేముందు ఈ-రక్తకోశ్‌ (రక్తం నిల్వలు చూపించే ప్రభుత్వ వెబ్‌సైటు) తెరిచి దగ్గరి కేంద్రాల్లో నిల్వ చూడండి. కేంద్రంలో కట్టేది పరీక్షలకూ సంచికీ అయ్యే ప్రాసెసింగ్ ఛార్జీయే, రక్తానికి ధర ఉండదు. ఈ ముక్క బంధువులకు ముందే చెప్పండి.

కొబ్బరితోట

ఓ-నెగెటివ్ వాళ్ళు ఎనిమిది మంది ఉన్నారండి. వాళ్ళనూ శిబిరానికి పిలవమంటారా?

గోదారి గాలి

వద్దండి. అది అరుదుగా దొరికే గ్రూపు. అందరూ ఒకేరోజు ఇచ్చేస్తే మూడు నెలలు మీ దగ్గర ఓ-నెగెటివ్ లేనట్టే. శిబిరానికి వచ్చి దాతలకు టిఫిన్లు వడ్డించమనండి, రక్తం మాత్రం ఫోను వచ్చినప్పుడు. ఇద్దరిని ఒకేసారి పంపకుండా వంతులు వేసుకోండి.

వశిష్ట పాయ

విగ్రహం మాట ఎవరూ ఎత్తలేదు. రోడ్డు స్థలాల్లో విగ్రహాలకు అనుమతివ్వొద్దని 2013లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది, సెంటర్లో పెడితే పేచీయే. ఆ చందాలతో ఏడాదికి నాలుగు శిబిరాల టిఫిన్లూ జనరేటరు అద్దే కాదు, రాత్రిపూట దాతను కాకినాడ తీసుకెళ్ళే కారు కిరాయి కూడా వస్తుంది. అసలు ఖర్చు ఆ కిరాయి దగ్గరే ఉంటుంది. ఇప్పటికి ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా చాలు. సొసైటీగా రిజిస్టరు చెయ్యాలంటే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. మొదటి ఏడాది నాలుగు శిబిరాలూ నడిచాక అప్పుడు ఆలోచించండి. వాళ్ళావిడను అడక్కుండా ఫ్లెక్సీ మీద ఆయన ఫొటో వెయ్యకండి, ఆయన పక్కన నాయకుల ఫొటోలు అసలే వద్దు.