కుక్క తుంటి ఎక్స్‌రే బాగోలేకపోతే రికార్డులో పెట్టించాలా? ఓఎఫ్ఏకి పంపినవాళ్లు చెప్పండి

బుజ్జి_వాళ్లమ్మ, డల్లాస్:
అందరికీ నమస్కారం. మా బుజ్జి నల్ల లాబ్రడార్, ఆడది, 26 నెలలు. ఒక్క ఈత చూద్దామని ఆశ. అంతకుముందే తుంటి, మోచేయి కీళ్ల ఎక్స్‌రేలు తీయించాం. అవి ఓఎఫ్ఏకి పంపాలి, అంటే కుక్కల కీళ్ల ఎక్స్‌రేలు చూసి ఫలితం చెప్పి, సైటులో రికార్డు పెట్టే అమెరికా సంస్థకి. మా డాక్టరు గారు ఫిల్ము చూసి, ఎడమ తుంటి తనకు అంత నచ్చలేదన్నారు. ఫారంలో ఒక గడిలో ఇనిషియల్స్ పెట్టమని ఉంది. ఫలితం బాగోకపోయినా అందరికీ కనిపించేలా పెట్టడానికి మీకు సమ్మతమేనా అని. బాగుంటే ఎలాగూ కనిపిస్తుందట. బ్రీడర్‌ని అడిగితే ఖాళీగా వదిలెయ్యమన్నారు, ఆ కుక్కల వంశానికే పేరు పోతుందని. రెండు రోజులుగా ఫారం బల్ల మీదే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. మీరైతే ఏం చేశారు?

లడ్డు_నాన్న, న్యూజెర్సీ:
పెట్టండమ్మా. ఎందుకంటున్నానో మా లడ్డు కథ చెబితే తెలుస్తుంది.

లడ్డు గోల్డెన్ రిట్రీవర్. కొనేముందు నేను కూడా ఓఎఫ్ఏ సైటులో వెతికాను. తండ్రికి ఎక్సలెంట్, తల్లికి గుడ్. ఇంకేం కావాలి అనుకున్నాం. మూడో ఏట వాడు మెట్లెక్కడానికి వెనకాడటం మొదలుపెట్టాడు. పొద్దున లేవగానే వెనక కాళ్లు ఈడ్చేవాడు. ఎక్స్‌రేలో రెండు తుంట్లూ పోయాయి. తర్వాత తెలిసిందేమిటంటే, అదే తల్లిదండ్రులకు ముందు ఈతలో పుట్టిన ఇద్దరికి అప్పటికే ఎక్స్‌రే తీసి ఓఎఫ్ఏకి పంపారు. ఇద్దరికీ డిస్‌ప్లేసియానే, అంటే తుంటి కీలు సరిగ్గా అమరని జబ్బు. రెండు ఇళ్లవాళ్లూ ఆ గడి ఖాళీగా వదిలేశారు. అంటే నేను వెతికిన రోజుకి ఆ సంగతి తేలిపోయే ఉంది. నాకు మాత్రం కనిపించలేదు.

ఈ జబ్బు ఒక్క జన్యువుతో వచ్చేది కాదు, చాలా జన్యువులు కలిసి తెచ్చేది. అందుకే మంచి తుంట్లున్న తల్లిదండ్రులకు కూడా ఇలాంటి పిల్లలు పుడతారు. సైటులో ఒక కుక్క పేజీ తెరిస్తే దాని తల్లిదండ్రులే కాదు, తోబుట్టువులు, సవతి తోబుట్టువులు, దాని పిల్లల ఫలితాలు కూడా వరసగా వస్తాయి. అసలు విలువంతా అక్కడే ఉంది. బాగున్నవే పెడితే ఆ వరస అబద్ధం చెబుతుంది.

వెట్‌టెక్_సియాటెల్:
నేను పశువైద్యశాలలో పనిచేస్తాను, ఈ ఎక్స్‌రేలు రోజూ చూస్తాం. పెట్టాలా వద్దా అన్నదానికి లడ్డు నాన్నగారు చెప్పారు. నేను ఫారం గురించి చెబుతా, ఎందుకంటే తప్పులు అక్కడే జరుగుతాయి.

ఎక్స్‌రే రోజున కుక్క చర్మం కింద ఉండే గుర్తింపు చిప్ స్కాన్ చేసి, ఆ నంబరు సరిచూశామని డాక్టరు రాశారా లేదా చూసుకోండి. చిప్ గానీ టాటూ గానీ లేని కుక్కలకి ఇచ్చే నంబరు చివర ఆ సంగతి తెలిసేలా గుర్తు పడుతుంది. ఏ కుక్కకి తీశారో నమ్మకంగా చెప్పలేని ఫలితానికి విలువ తక్కువ. రిజిస్టర్డ్ పేరు, నంబరు ఏకేసీ (అమెరికన్ కెన్నెల్ క్లబ్) కాగితం మీద ఉన్నట్టే అక్షరం పోకుండా రాయండి. తల్లి, తండ్రి రిజిస్ట్రేషన్ నంబర్లు కూడా.

24 నెలలు నిండితేనే తుంటికి శాశ్వత నంబరు ఇస్తారు, బుజ్జికి ఆ ఇబ్బంది లేదు. అంతకుముందు తీస్తే ప్రాథమిక అభిప్రాయం మాత్రమే చెబుతారు. ఒక్కటి అడుగుతా, ఎదలో ఉన్నప్పుడు తీయలేదు కదా? ఆ సమయంలో హార్మోన్ల వల్ల కీలు వదులుగా కనిపించవచ్చు. ఎదకి మూడు నాలుగు వారాలు అటూ ఇటూ వదిలి తీయమంటారు.

బుజ్జి_వాళ్లమ్మ, డల్లాస్:
ఎద అయిపోయి రెండు నెలలు దాటిందండి. కానీ చిప్ స్కాన్ చేసినట్టు నాకు గుర్తు లేదు. రేపే వెళ్లి అడుగుతాను.

బర్మింగ్‌హామ్_తెలుగమ్మాయి:
ఇక్కడ బ్రిటన్‌లో ఆ గడి సమస్యే లేదు అక్కా. బీవీఏ (బ్రిటిష్ పశువైద్యుల సంఘం), కెన్నెల్ క్లబ్ పథకం కింద పంపేటప్పుడే మన దగ్గర సంతకం తీసుకుంటారు. కెన్నెల్ క్లబ్ రిజిస్ట్రేషన్ ఉంటే ఫలితం మంచైనా చెడైనా బయటికి వస్తుంది. ఒక్కో తుంటికి 0 నుంచి 53 దాకా మార్కులు, రెండూ కలిపి 106 దాకా. తక్కువ వస్తే మంచిది. మా వాడికి ఒకవైపు 6, ఇంకోవైపు 19 వచ్చాయి. ఆ రోజు ఏడ్చాను. అయినా వాడి పేజీలో అది ఉండటమే సబబు అనిపిస్తుంది.

మదనపల్లె_రాజు, హైదరాబాద్:
మీ చర్చ చదువుతుంటే కడుపు రగిలింది. ఇక్కడ కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్‌కి చిప్ పెడతారు, కాగితం వస్తుంది. అంతవరకు బాగుంది. కానీ క్రాసింగ్‌కి తెచ్చేవాళ్లని తుంటి ఎక్స్‌రే ఉందా అంటే వింతగా చూస్తారు.

మా నాన్నగారికి రాజపాళయం జాతి కుక్కలంటే ప్రాణం. తెల్లవాటిలో పుట్టు చెవుడు ఉంటుందని అందరికీ తెలుసు. మా ఇంట్లో ఒక ఈతలో రెండు పిల్లలు వంటగదిలో పళ్లెం పడ్డా కదిలేవి కావు. ఆ తల్లి ఎన్ని ఈతలు ఈనింది, ఎన్నింటిలో ఎంతమంది చెవిటివి అని ఒక్కరూ రాసిపెట్టలేదు. చప్పట్లు కొట్టి చూడటమే పరీక్ష. ఒక చెవి వినబడి రెండోది వినబడకపోతే చప్పట్లకి దొరకదు, దానికి శబ్దానికి మెదడు స్పందిస్తోందో లేదో చూసే బేర్ అనే పరీక్ష చేయాలి. ఇప్పుడు నాన్నగారు లేరు, ఆ లెక్కలన్నీ ఆయనతోనే పోయాయి. రాసుకునే చోటు ఉండి కూడా ఎందుకు ఆలోచిస్తారమ్మా?

కొత్త_సభ్యుడు_ఆస్టిన్:
ఒక సందేహం. ఫలితం బాగోకపోతే బుజ్జికి పిల్లలు వద్దనుకుంటారు కదా. ఇక రికార్డు దేనికి?

లడ్డు_నాన్న, న్యూజెర్సీ:
బుజ్జి కోసం కాదండి, దాని తల్లిని మళ్లీ కట్టించేవాళ్ల కోసం, దాని అన్నదమ్ముల్ని తెచ్చుకునేవాళ్ల కోసం.

వెట్‌టెక్_సియాటెల్:
ఇంకోటి. ఓఎఫ్ఏ ఇచ్చే చిక్ నంబరు అని ఇంకోటి ఉంది, అదంటే అన్నీ పాసయినట్టు అనుకుంటారు చాలామంది. కాదు. ఆ జాతికి చెప్పిన పరీక్షలన్నీ చేయించి, ఫలితాలన్నీ బయటపెడితే ఇస్తారు. తుంటి బాగోకపోయినా వస్తుంది. లాబ్రడార్ అయితే తుంటి, మోచేతులతో పాటు కంటి పరీక్ష, ఈఐసీ (బాగా పరుగెత్తితే కుప్పకూలిపోయే జబ్బు) జన్యు పరీక్ష కూడా చూసుకోండి.

బుజ్జి_వాళ్లమ్మ, డల్లాస్:
నెల తర్వాత రాస్తున్నాను. చిప్ నిజంగానే స్కాన్ చేయలేదట. మళ్లీ తీసుకెళ్లి, డాక్టరు గారి ఎదుటే స్కాన్ చేయించి సంతకం పెట్టించాను. ఇనిషియల్స్ కూడా పెట్టేశాను. నిన్న ఫలితం వచ్చింది. ముగ్గురు రేడియాలజిస్టులు విడివిడిగా చూస్తారు, ముగ్గురి మాటా కలిపి మైల్డ్ డిస్‌ప్లేసియా, ఎడమ వైపు. మోచేతులు నార్మల్.

పిల్లలు వద్దనుకున్నాం. బరువు తగ్గించమన్నారు. 48 లాబ్రడార్ల మీద ఏళ్ల తరబడి చేసిన అధ్యయనంలో పావు వంతు తక్కువ తిండి పెట్టినవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయని, కీళ్ల అరుగుదల కూడా ఆలస్యంగా వచ్చిందని డాక్టరు గారు చెప్పారు. మా అత్తగారు పెట్టే పెరుగన్నం మానిపించడం కష్టంగా ఉంది.

బ్రీడర్ ఇంకా ఫోన్ ఎత్తలేదు. సైటులో చూస్తే ఆ ఈతలో ఏడుగురిలో బుజ్జి ఒక్కదాని ఫలితమే ఉంది. మిగతావాళ్లలో ఇద్దరి ఇళ్ల నంబర్లు నా దగ్గరున్నాయి. ఈ శనివారం మాట్లాడతాను.

వెట్‌టెక్_సియాటెల్:
మాట్లాడేటప్పుడు తల్లి, తండ్రి రిజిస్ట్రేషన్ నంబర్లు కూడా పంపండి. అవి సరిగ్గా రాస్తేనే వాళ్ల ఫలితాలు బుజ్జి పక్కన చేరతాయి.