పాప చెంప మీద పైలోమాట్రికోమా గడ్డ: ఏ మత్తుతో తీయించాలి?

మా పాపకు 9 ఏళ్లు. ఎడమ చెవి ముందు, చెంప మీద 8 నెలల క్రితం శనగగింజంత గడ్డ వచ్చింది. ఇప్పుడది 13 మిల్లీమీటర్లు. నొప్పి లేదు. గులకరాయిలా గట్టిగా ఉంది, పైన చర్మం కాస్త నీలంగా కనిపిస్తోంది.

సెగగడ్డ అనుకుని 3 వారాలు కాపడం పెట్టాం, 10 రోజులు యాంటీబయాటిక్ మందు పూశాం. రవ్వంత కూడా తగ్గలేదు. (సున్నం పెట్టమన్నారు పెద్దవాళ్లు, ముఖం కదా, నేను ఒప్పుకోలేదు.)

స్కానింగులో కాల్షియం పేరుకున్నట్టు తేలింది. వెంట్రుక కుదురులో పుట్టే పైలోమాట్రికోమా కావచ్చని, ఇది క్యాన్సర్ గడ్డ కాదని, అయితే దానంతట అది కరగదు కాబట్టి కోసి తీయాలని చర్మవైద్యులు చెప్పారు. గడ్డ చుట్టూ మత్తు సూది చాలని ఒక సర్జన్, పూర్తి మత్తు కావాలని మరొకరు అంటున్నారు. సూది చూస్తేనే పాప వణికిపోతుంది.

ఈ వయసు పిల్లలకు ముఖం మీద ఇలాంటి గడ్డ తీయించినవారు ఏ మత్తుతో చేయించారు?