రైటర్స్ రిట్రీట్‌కు వెళ్లడం వల్ల నిజంగా ప్రయోజనం ఉంటుందా?

ప్రశ్న:
ఉద్యోగం చేసుకుంటూ నవల రాస్తున్నాను. సగం దాకా వచ్చి ఆగిపోయింది. రుసుము కట్టి వారం రోజుల రిట్రీట్‌కు, అంటే రచయితలు ఇంటికి దూరంగా ఉండి రాసుకునే చోటికి, వెళ్లాలా, లేక ఆ వారం సెలవు పెట్టి ఇంట్లోనే రాసుకోవాలా అన్నది తేలడం లేదు. అక్కడ ఏకాంతం తప్ప మరేమైనా దొరుకుతుందా?

జవాబు 1:
ఏకాంతాన్ని తక్కువ చేసి చూడకండి. రోజుకు ఒక గంట మాత్రమే రాసేవారికి, నిన్న ఎక్కడ ఆపారో, ఏ పాత్ర ఏ మనఃస్థితిలో ఉందో గుర్తు తెచ్చుకోవడానికే అందులో సగం కరిగిపోతుంది. అమెరికాలో 1907లో మొదలైన మాక్‌డోవెల్ అనే రచయితల, కళాకారుల బసలో మధ్యాహ్న భోజనాన్ని బుట్టలో పెట్టి, లోపల పని చేసుకుంటున్నవారిని పలకరించకుండా గుమ్మం దగ్గర ఉంచి వెళ్లే ఆనవాయితీ ఉంది. ఒక్క పలకరింపుకు పట్టేది నిమిషమే కావచ్చు. కానీ తెగిన ఆలోచన మళ్లీ అందడానికి ఎంతసేపు పడుతుందో రాసేవారికే తెలుస్తుంది. ఇంట్లో సెలవు పెట్టినా తలుపు తట్టేవారు ఆగరు కదా!

జవాబు 2:
నా దృష్టిలో అంతకన్నా విలువైనది సాయంత్రపు సాంగత్యం. పగలంతా ఎవరి గదిలో వారు రాసుకున్నవారు రాత్రి భోజనాల దగ్గర కలిసినప్పుడు, ఒకరు కొట్టేసిన అధ్యాయం గురించీ, మరొకరు ఎంతకీ తెమలని ముగింపు గురించీ మాట్లాడుకుంటారు. రాయడాన్ని తీరిక వేళల సరదాగా కాక పనిగా చూసేవారి మధ్య కొన్నాళ్లు గడిపితే, మన రాతపై మనకున్న సంకోచం చాలావరకు తగ్గుతుంది. అయితే కబుర్లలోనే వారం గడిపేసేవారూ ఉంటారు.

జవాబు 3:
రిట్రీట్లన్నీ ఒక తీరున ఉండవు. మాక్‌డోవెల్, యాడో వంటి సంస్థలు దరఖాస్తులు పరిశీలించి ఎంపిక చేస్తాయి, బసకు రుసుము తీసుకోవు, పాఠాలూ చెప్పవు. ఇంగ్లండ్‌లో 1968లో మొదలైన ఆర్వన్ అనే సంస్థ పద్ధతి వేరు. అక్కడ అనుభవమున్న రచయితలు దగ్గరుండి బోధిస్తారు, రాతప్రతి చదివి అభిప్రాయం చెబుతారు. మీకు కొరవడినది సమయమైతే మొదటి రకం, కథే చిక్కుపడి ఉంటే రెండో రకం చూసుకోండి. ఎక్కడికి వెళ్లినా ఇప్పటిదాకా రాసినదంతా ముందే ఒకసారి చదువుకొని వెళ్లండి, లేకపోతే మొదటి రెండు రోజులు దానికే పోతాయి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఆలోచిస్తే నాకు సమయం కన్నా కథే పెద్ద చిక్కుగా ఉంది. కనుక రాతప్రతి చదివి చెప్పేవారున్న చోటే వెతుకుతాను.