చిన్న టర్బో ఇంజనా, టర్బో లేని పెద్ద ఇంజనా? ఏళ్ల తరబడి నడిపినవారు చెప్పండి

పిస్టన్‌ప్రియ:
ఈ విషయం మీద చర్చలు చాలావరకు కొత్త కారును ఒక గంట నడిపి చూసినవారి మాటలతోనే ముగిసిపోతున్నాయి. ఆ గంటలో, ఎగ్జాస్ట్ వాయువులతో తిరుగుతూ ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే టర్బోదే పైచేయి. రెండు వేల ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) లోపే టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, అంతా అందుతుంది, గేరు మార్చకుండానే ముందున్న లారీని దాటేయవచ్చు. వారంటీ ముగిసి ఏళ్లు గడిచాక ఆ ఇంజన్ ఎలా ఉందన్నదే నాకు కావాలి.

మా ఇంట్లో రెండు రకాలూ ఉన్నాయి. ఒకటి లీటరు, మూడు సిలిండర్ల టర్బో. రెండోది లీటరున్నర, నాలుగు సిలిండర్ల మామూలు పెట్రోలు ఇంజన్. కాలు సున్నితంగా వేసినంతసేపు టర్బో తక్కువే తాగుతుంది. నలుగురం ఎక్కి, సామాన్లు పెట్టుకుని కొండదారి పట్టామంటే లెక్క తారుమారు. మామూలు ఇంజన్ మైలేజీ ఇంతగా ఊగిసలాడటం నేను చూడలేదు. మీకూ ఇలాగే ఉందా?

వాల్వ్‌చప్పుడు:
ఉంటుందండీ, దానికి కారణం కూడా ఉంది. బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, పెరిగితే సిలిండర్‌లో పీడనం, వేడి రెండూ పెరుగుతాయి. నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి మండి టకటకలాడటం) రాకుండా కంప్యూటర్ స్పార్కును ఆలస్యం చేస్తుంది. ఎగ్జాస్ట్ వేడికి టర్బోలోని టర్బైన్ చక్రం దెబ్బతినకుండా చాలా ఇంజన్లు అవసరానికి మించి పెట్రోలు చిమ్ముతాయి. ఆ అదనపు పెట్రోలు కారును ముందుకు నెట్టదు, చల్లబరచడానికే ఖర్చవుతుంది. ఐరోపా పాత మైలేజీ పరీక్ష ఎన్‌ఈడీసీలో వేగం ఎంత నెమ్మదిగా పెంచేవారంటే, ఇంజన్‌కు ఆ పరిస్థితే వచ్చేది కాదు. చిన్న టర్బోలు కాగితం మీద అంతగా మెరవడానికి అదొక కారణం. 2017 నుంచి దాని స్థానంలో డబ్ల్యూఎల్‌టీపీ పరీక్ష వచ్చాక కాగితానికీ రోడ్డుకూ మధ్య దూరం కొంత తగ్గింది.

ఇంజన్లు విప్పడమే నా పని కాబట్టి కార్బన్ సంగతి కూడా చెబుతాను. పాత పద్ధతిలో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వ్ (సిలిండర్‌లోకి గాలిని వదిలే తలుపు) వెనక చిమ్మేది, ఆ తడికే వాల్వ్ శుభ్రపడేది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. ఇంజన్ అడుగున ఉండే క్రాంక్‌కేసు నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి వాల్వ్ మీద నల్లటి పెచ్చుగా పేరుకుపోతుంది. ఉదయం స్టార్ట్ చేయగానే వణుకు, పికప్ మందగించడం దాని లక్షణాలు. ట్యాంకులో పోసే క్లీనర్ల మీద డబ్బు తగలేయకండి. పెట్రోలే వెళ్లని చోటికి క్లీనర్ ఎలా వెళుతుంది? టొయోటా తన డీ-4ఎస్ ఇంజన్లలో రెండు రకాల ఇంజెక్టర్లూ పెట్టింది. నా దృష్టిలో అదే సరైన పరిష్కారం.

దూరదారి:
నా టర్బో మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. నావి ఎక్కువగా హైవే ప్రయాణాలు, ఇంజన్ బాగా వేడెక్కి గంటల తరబడి ఒకే వేగంతో తిరుగుతుంది. కంపెనీ చెప్పిన గడువులో సగానికే ఆయిల్ మారుస్తాను. గట్టిగా నడిపాక వెంటనే ఆపేయకుండా చివరి ఒకటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా వస్తాను. ఇంతకు మించి ఏమీ చేయలేదు.

వాల్వ్‌చప్పుడు:
దూరదారి గారు చెప్పిన ఆయిల్ మాట అందరూ పట్టించుకోవాలి. తక్కువ ఆర్‌పీఎంలో, పై గేరులో యాక్సిలరేటర్ బలంగా తొక్కితే టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో స్పార్కు కంటే ముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం ఉంది. ఎల్‌ఎస్‌పీఐ అనేది ఇదే. పిస్టన్ పగిలేంత తీవ్రంగా కూడా ఉంటుంది. ఆయిల్‌లోని కాల్షియం డిటర్జెంట్లు దీన్ని పెంచుతాయని తేలాక 2018లో ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ అనే ఆయిల్ ప్రమాణాలు వచ్చాయి. డబ్బా మీద ఎస్‌పీ ఉందో లేదో చూడండి. ఎత్తు ఎక్కేటప్పుడు ఒక గేరు తగ్గించండి.

మొదటివరుస:
రేసింగ్ వైపు నుంచి ఒక మాట. టర్బోను తిట్టేవారు ఫార్ములా వన్ చరిత్ర చూడాలి. 1977లో రెనో మొదటి టర్బో కారును దింపినప్పుడు అది తరచూ పొగలు కక్కుతూ ఆగిపోయేది. కొన్నేళ్లకే టర్బో లేనివారికి గెలుపు కష్టమైంది, చివరికి 1989 నుంచి నిషేధించారు. 2014లో 1.6 లీటర్ల వీ6 (ఆరు సిలిండర్ల) హైబ్రిడ్‌గా తిరిగొచ్చింది. గంటకు 100 కిలోలకు మించి ఇంధనం వెళ్లకూడదన్న నియమంలోనే ఇంజనీర్లు అద్భుతం చేశారు. 2017లో మెర్సిడెస్ తన ఇంజన్ పరీక్షశాలలో 50 శాతం ఉష్ణ సామర్థ్యం (ఇంధన శక్తిలో పనిగా మారే వంతు) దాటిందని ప్రకటించింది. మన కార్లలో పెట్రోలు ఇంజన్ సాధించలేనిది అది. 2005తో పోయిన వీ10 శబ్దం కోసం నా గుండె ఇప్పటికీ కొట్టుకుంటుంది, అయినా ఈ ఇంజన్ ముందు తల వంచుతాను.

తేలికే‌వేగం:
ఇంజన్‌ను మెచ్చుకున్నారు, మరి బరువు? 2008లో డ్రైవరుతో కలిపి 605 కిలోలున్న కారు కనీస బరువు 2022కు 798 కిలోలైంది. ఇరుకు మలుపుల్లో ఆ భారం కంటికే కనిపిస్తుంది. 2026 నియమాల్లో కాస్త తగ్గించారు, సంతోషం.

ఈ చర్చ అంతా ఇంజన్ చుట్టూ తిరుగుతోంది, అసలు జబ్బు బరువు అని నా గట్టి అభిప్రాయం. లీటరు ఇంజన్ తేలికైన చిన్న కారులో హాయిగా ఉంటుంది. దాన్నే ఎత్తైన ఎస్‌యూవీకి బిగిస్తే టర్బో ఎప్పుడూ ఒత్తిడిలోనే బతకాలి. పిస్టన్‌ప్రియ గారి కొండదారి బాధ అదే. 1989 నాటి చిన్న స్పోర్ట్స్ కారు మాజ్డా ఎంఎక్స్-5 టన్నుకు లోపే ఉండేది. అలాంటి కారుకు భారీ బ్రేకులూ వెడల్పాటి టైర్లూ అక్కర్లేదు, ప్రతి భాగం ఎక్కువ కాలం మన్నుతుంది.

కార్లు లావెక్కడంలో కొనేవారి మోజుతో పాటు చట్టాల పాత్రా ఉంది. అమెరికాలో 1975 చట్టంతో వచ్చిన మైలేజీ నియమాల్లో కార్లకు ఒక లెక్క, తేలికపాటి ట్రక్కులకు మరో లెక్క. ట్రక్కులకు సడలింపు ఎక్కువ, ఎస్‌యూవీల్లో చాలావరకు ఆ గాటనే కట్టారు. ఐరోపాలో కిలోమీటరుకు 95 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ లక్ష్యం పెట్టినప్పుడు కూడా, బరువైన కార్లు అమ్మే కంపెనీకి పరిమితి కాస్త పైకి జరిగేది. తేలికగా చేసినవాడికి దక్కాల్సిన లాభాన్ని నియమమే కోసేసింది! జపాన్‌లో కెయ్ అనే బుల్లి కార్ల తరగతిని చూడండి: 660 సీసీ ఇంజన్, 3.4 మీటర్ల పొడవు, అంతే. ఆ గీత లోపల ఉంటే పన్ను తక్కువ. ఫ్రాన్స్ 2022 నుంచి 1,800 కిలోలు దాటిన కార్ల మీద బరువు పన్ను వేసి, 2024లో గీతను 1,600కు దించింది. ప్రతి దేశమూ ఈ దారి పట్టాలని కోరుకుంటాను.

నిదానం:
బరువంతా వృథా కాదు కదా? ఢీకొన్నప్పుడు తట్టుకునే నిర్మాణం, ఎయిర్‌బ్యాగులు, ఎలక్ట్రిక్ కారైతే బ్యాటరీ. పాత తేలిక కార్లలో నా పిల్లలను కూర్చోబెట్టను.

తేలికే‌వేగం:
రక్షణకు పెరిగిన బరువు మీద నాకు అభ్యంతరం లేదు. కానీ బరువైన కారు రక్షించేది లోపలివారిని. ఎదుటి చిన్న కారులో ఉన్నవారికీ, నడిచివెళ్లేవారికీ దానితో ముప్పు పెరుగుతుంది. టైర్ల అరుగుడు దుమ్ము ఎలక్ట్రిక్ కారుకూ తప్పదు. ఐరోపా కొత్త కాలుష్య నియమాలైన యూరో 7లో బ్రేకుల దుమ్ముకు కూడా పరిమితి పెట్టారంటే ఊరికే కాదు. ఎలక్ట్రిక్‌లోనూ చిన్న బ్యాటరీ, చిన్న కారు అంటే నేను మొదటి వరుసలో ఉంటాను.

ఇంకొకటి. సింగపూర్ 1975లో, లండన్ 2003లో నగరం నడిబొడ్డుకు వచ్చే కార్లకు రుసుము పెట్టాయి. కారు ప్రేమికులు దీన్ని వ్యతిరేకిస్తుంటే నాకు బాధ కలుగుతుంది. రోజూ ఆఫీసుకు వెళ్లేవారికి మంచి బస్సూ రైలూ దొరికితే, నడపడం ఇష్టమైనవారికి రోడ్డు మిగులుతుంది.

పిస్టన్‌ప్రియ:
అందరికీ ధన్యవాదాలు. వాల్వ్‌చప్పుడు గారూ, మా టర్బో ఉదయంపూట వణకడం మొదలైంది. కార్బన్ అయితే ఇంజన్ మొత్తం విప్పాలా?

వాల్వ్‌చప్పుడు:
అక్కర్లేదు. ముందు స్పార్కు ప్లగ్గులు, కాయిల్స్ చూపించండి, అవీ అలాగే వణికిస్తాయి. అవి బాగుంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి తెచ్చే గొట్టాల భాగం) తీయించి, చిన్న కెమెరాతో వాల్వ్‌లు చూడమనండి. పెచ్చు కనిపిస్తే, వాల్వ్ మూసి ఉన్న స్థితిలో వాల్‌నట్ పెంకుల పొడిని గాలి పీడనంతో కొట్టి శుభ్రం చేస్తారు. లోహానికి గీతలు పడవు. ఫొటోలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.