‘కరిఁ దిగుచు మకరి’: దించడమా, లాగడమా? కుస్తీలో ‘టేక్‌డౌన్’కు తెలుగు మాట వెతుకుతూ

ఫ్రీస్టైల్ కుస్తీలో ఇద్దరు మల్లులు నిలబడే ఒకరినొకరు పెనవేసుకున్న స్థితిని (క్లించ్), అక్కడి నుంచి ఎదుటివాణ్ణి కిందికి తెచ్చే పనితనాన్ని (టేక్‌డౌన్) తెలుగులో ఏమనాలని ఈ బృందంలో రెండు రోజులుగా చర్చ సాగుతున్నది. క్లించ్‌కు ‘ఆలింగనం’ అని ఒకరు, టేక్‌డౌన్‌కు ‘పడగొట్టుడు’ అని మరొకరు సూచించారు. మూడవవారు గజేంద్రమోక్షంలోని ‘కరిఁ దిగుచు మకరి సరసికి’ అన్న పాదాన్ని ఉదహరించి, అందులోని ‘దిగుచు’ అంటే దించడమే కనుక టేక్‌డౌన్‌కు ‘దిగుచుట’ అని వాడుకోవచ్చు కదా అన్నారు. సూచన ముచ్చటగా ఉన్నది, పోతన పద్యాన్ని కుస్తీ గోదాలోకి తేవడం నాకు మరీ నచ్చింది. అయితే ఆ మాటకు ఆ అర్థం లేదు.

అక్కడున్న క్రియ ‘దిగుచు’ కాదు, ‘తిగుచు’. లాగడం దాని అర్థం. ‘కరిన్’ అన్న ద్రుతాంతం (చివర నకారం ఉన్న మాట) మీద ‘తిగుచు’లోని పరుషమైన తకారం సరళమై దకారంగా మారింది. ఇందుకు సాక్ష్యం వెతకడానికి వ్యాకరణ గ్రంథం దాకా పోనవసరం లేదు, ‘గరి దరికిని మకరిఁ దిగుచు’ అన్న పక్క పాదమే చాలు. ‘సరసికిన్’ తరువాత వచ్చిన ‘కరి’ అక్కడ ‘గరి’ అయింది. అంతమాత్రాన గరి అనే కొత్త మృగం ఒకటి ఉన్నదని ఎవరూ అనుకోరు, కానీ ‘దిగుచు’ విషయంలో మాత్రం, ‘దిగు’ అన్న క్రియ మన నోట నిత్యం ఆడుతుండడం వల్ల, చాలామంది ఆ పొరపాటే చేస్తారు. పైగా అర్థం కూడా కుదరదు. మకరి ఏనుగును మడుగులోకి దించుతున్నదని సరిపెట్టుకున్నా, ఏనుగు మొసలిని దరికి ఎలా దించుతుంది? దరి పైన ఉన్నది, దానికి ఎక్కించాలి గాని దించరాదు. రెండు వైపులకూ ఒకే క్రియ నప్పాలంటే అది లాగడమే అయివుండాలి. ‘తిగిచి’ అన్న రూపం పాత కావ్యాలలో విరివిగానే కనిపిస్తుంది, మన వాడుకలో నుంచి మాత్రం తప్పుకున్నది.

ఇంత చెప్పి ఆ పద్యాన్ని పక్కన పెట్టలేను, ఎందుకంటే నిలువు కుస్తీలో అసలు జరిగేది అక్కడ ఉన్నదే. ఒకడు తన వైపుకు లాగుతాడు, రెండవవాడు తన వైపుకు లాగుతాడు, ఎవరికి ఎవరూ లొంగరు. కొత్తగా చూసేవారికి ఇద్దరు మనుషులు తలలు ఆనించుకుని ఊరికే తోసుకుంటున్నట్టు కనిపించే ఆ అర నిమిషంలోనే కిందికి తెచ్చే పనికి సగం దారి పడుతుంది. తోపు కూడా వట్టిది కాదు. పోటీ జరిగే వలయం వ్యాసం 9 మీటర్లు, అందులో అంచున ఉండే మీటరు వెడల్పు పట్టీకి వేరే రంగు వేసి ఉంటుంది. ఎదుటివాణ్ణి ఆ వలయం దాటించి కాలు బయట పెట్టిస్తే 1 పాయింటు వస్తుంది. గజేంద్రుడికి దరి చేరడమే గెలుపు, ఇక్కడ దరి దాటినవాడికి నష్టం, అంతే తేడా. (మొసలి పట్టినది కాలు కనుక ఆ పోరు ఫ్రీస్టైల్‌లోనే చెల్లుతుంది. నడుముకు దిగువన పట్టు నిషేధించిన గ్రీకో-రోమన్‌లో అయితే రెఫరీ మకరిని అప్పుడే ఆపేవాడు.)

ఇక మాటల సంగతి. నా అభ్యంతరమల్లా మనం ‘కుస్తీ పట్లు’ అన్న ఒక్క మూటలో రెండు వేరు వేరు వస్తువులను కట్టిపెట్టడం మీదనే. పట్టు వేరు, ఎత్తు వేరు. ఎదుటివాడి శరీరం మీద మన చేతులు కుదురుకున్న తీరు పట్టు, ఆ పట్టు ఆధారంగా అతణ్ణి కిందికి తెచ్చే కదలిక ఎత్తు. ‘ఎత్తుకు పైఎత్తు’ అని మనం రోజూ అంటూనే ఉంటాం, కానీ కుస్తీ వార్త రాయవలసి వచ్చినప్పుడు మాత్రం ఆ మాట గుర్తుకు రాదు, అన్నిటికీ ‘పట్టు’ అనేస్తాం. ఆ రెంటినీ విడదీసి చూస్తే చర్చలో వచ్చిన సగం చిక్కు తీరిపోతుంది.

పట్లలో అన్నిటికన్నా మామూలుది మెడపట్టు. అరచేతిని ఎదుటివాడి మెడ వెనుక ఆనించి, మోచేతిని అతని ఛాతీ మీదికి దించి ఉంచడం. ‘మెడపట్టి గెంటడం’ అన్న నానుడి ఉన్నది గాని ఇక్కడ గెంటడం కన్నా మెడ మీద మన బరువు వేలాడదీయడం ముఖ్యం. రెండవది చంకపట్టు, అంటే ఎదుటివాడి చంక కింద నుంచి చేయి దూర్చి వీపు మీద భుజపుటెముక దగ్గర అరచేతిని నిలపడం. దీనికి ఎదురుగా అవతలివాడు తన చేతిని మన చేతి పైనుంచి చుట్టి బిగిస్తే దానిని పైచుట్టు అనవచ్చునని నా మనవి. మన రెండు చేతులతో అతని ఒక్క చేతిని మణికట్టు దగ్గర, దండచేయి దగ్గర పట్టి ఛాతీకి హత్తుకోవడాన్ని జోడుచేతి పట్టు అంటే చదివేవారికి వెంటనే బొమ్మ కడుతుంది. నడుము చుట్టూ రెండు చేతులూ బిగించి తాళం వేస్తే, దానికి ‘ఉడుంపట్టు’ అన్న మాట మన దగ్గర సిద్ధంగానే ఉన్నది.

ఇవన్నీ కలిసిన స్థితికి ‘ఆలింగనం’ నప్పదు, ప్రేమ మాట అది. ‘కలియబడు’, ‘పెనగు’ అన్న క్రియలు మనకు ఉన్నాయి. ‘పెన’ అంటే మెలిపడిన తాడు గుర్తుకు వస్తుంది, పెనవేయడమూ పెనగడమూ ఒక వేరు నుంచి వచ్చినవే. ‘ఇద్దరూ కలియబడి ఉన్నప్పుడు’, ‘పెనుగులాటలో ఉండగా’ అని క్రియతో రాస్తే వాక్యం నడుస్తుంది. ఇంగ్లీషులో నామవాచకం ఉన్నది కదా అని మనమూ ఒకటి పుట్టించి తీరాలన్న పట్టుదల ఎందుకో నాకు బోధపడదు.

ఒక ఎత్తును దగ్గర నుంచి చూద్దాం. నా ఎడమ చేయి ఎదుటివాడి కుడి చంక కింద ఉన్నదనుకోండి. ఆ చంకపట్టుతో అతని కుడి భుజాన్ని పైకి లేపుతూ అడ్డంగా తోస్తే అతని బరువు ఎడమ కాలి మీదకు చేరుతుంది. బరువు పడిన కాలు వెంటనే కదలదు, నిలదొక్కుకోవాలంటే దానిని వెనక్కి వేయక తప్పదు. సరిగ్గా అతను ఆ అడుగు వేయబోయే వేళ నా కుడి అరచేయి ఆ మోకాలి వెనుక అడ్డుగా నిలిస్తే, పైభాగం వెనక్కి పోతుంది గాని కాలు పోదు. మోకాలిని పట్టి లాగడం ఇందులో లేదు, తాకి ఆపడమే ఉన్నది. దీనికి ‘మోకాలడ్డు’ అందామని చర్చలో ఒకరు సరదాగా అన్నారు. కానీ మోకాలడ్డినప్పుడు మోకాలు మనది, పని ఎదుటివాడిది. ఇక్కడ మోకాలు అతనిది, అడ్డు మనది. కనుక ‘మోకాలితట్టు’ అంటే మేలని నా ఉద్దేశం.

మెడపట్టు నుంచి వచ్చే ఎత్తులలో తిగుచు అన్న క్రియ మళ్లీ బతుకుతుంది. మెడ మీద వేసిన చేతితో తలను ఒక్కసారిగా కిందికి గుంజితే ఎదుటివాడు రెండింటిలో ఒకటి చేస్తాడు. ముందుకు తూలి చేతులు నేలకు ఆనిస్తే మనం పక్కగా తిరిగి అతని వెనుకకు చేరవచ్చు. అలా కాక తల బిగించి పైకి లేస్తే, దానితో పాటు లేచిన అతని చేతి కింద నుంచి మన తలను దూర్చి వెనుకకు పోవచ్చు. ఈ రెండవదాన్ని ఉత్తరాది అఖాడాలలో (కుస్తీ నేర్పే చోట్లు) ‘బగల్ డూబ్’ అంటారు, చంకలో మునక అని. ఎదుటివాడి దండచేతిని పట్టి మన పక్కగా లాగి వెనుక చేరడం వారికి ‘దస్తీ’. అతణ్ణి భుజాల మీదికి అడ్డంగా ఎత్తుకుని తిప్పివేయడం ‘కలాజంగ్’. తుంటి మీదుగా విసరడం ‘ఢాక్’. ‘ధోబీ పఛాడ్’ను మనవాళ్లు వినే ఉంటారు, చాకలి బండ మీద బట్టను కొట్టినట్టు భుజం మీదుగా తెచ్చి కొట్టడమది. వినగానే చేతుల కదలిక కళ్లకు కట్టే ఇటువంటి పేర్లను మనం సంస్కృత సమాసాలతో ఎందుకు పోగొట్టుకోవాలి? ‘బాహుకర్షణ విధానం’ అని ఎవరో రాసినది చదివి, అది దస్తీ అని తెలుసుకోవడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది.

ఇప్పుడు అసలు మాట, టేక్‌డౌన్. ‘పడగొట్టుడు’ ఎందుకు చాలదో పోటీ నియమమే చెబుతుంది. ఎదుటివాణ్ణి నేల మీదికి తెచ్చి, వెనుకకు చేరి అదుపులో ఉంచి, అతని ఒంటిలో మూడు చోట్లు, అంటే రెండు చేతులూ ఒక మోకాలూ గాని, రెండు మోకాళ్లూ ఒక చేయి గాని, నేలకు తాకేలా చేస్తే 2 పాయింట్లు. ఇందులో పడడం లేదు, దెబ్బ లేదు. ఎంతో మెత్తగా మోకాళ్ల మీదికి వచ్చినవాడు కూడా ఆ 2 పాయింట్లు పోగొట్టుకుంటాడు. 2016 రియో ఒలింపిక్స్ కాంస్య పోరులో సాక్షి మలిక్ 0–5 వెనుకబాటు నుంచి 8–5 గెలుపు దాకా వచ్చిన ఘట్టాన్ని తిరిగి చూస్తే, ఈ రెండేసి పాయింట్ల విలువ తెలుస్తుంది. నిలబడి ఉన్నవాణ్ణి నేరుగా వీపు నేల వైపు తిరిగేలా విసిరితే 4, గాలిలో పెద్ద చాపం గీస్తూ విసిరితే 5 పాయింట్లు. ఆ విసురును పడవేత అనవచ్చు. ఉడుంపట్టు నుంచి ఎత్తి వెనక్కి వేస్తే ‘ఎత్తి కుదేశాడు’ అన్న మన పల్లె మాట కన్నా మంచిది దొరకదు.

మెత్తగా జరిగే ఆ 2 పాయింట్ల పనికి నా ఓటు ‘దింపు’కు. చర్చలో పద్యం ఎత్తినవారు చెప్పిన అర్థం పద్యంలో లేకపోయినా, దించడం అన్న ఊహ మాత్రం సరైనదేనని ఒప్పుకుంటున్నాను. ‘దింపు’ అంటే దింపుడు కళ్లం గుర్తుకు వస్తుందని ఒక పెద్దాయన నాకు విడిగా సందేశం పంపారు. రావచ్చు, కాదనను. కానీ కోనసీమలో కొబ్బరి దింపు అని ఏ సంకోచమూ లేకుండా అంటారు, అక్కడ అది పనివాడి మాట. ‘చంకపట్టు నుంచి మోకాలితట్టుతో దింపు సాధించి 2 పాయింట్లు పొందాడు’ అన్న వాక్యాన్ని ఒకసారి పైకి చదివి చూడండి. మా ఇంట్లో కుస్తీ తెలియని మనిషికి చదివి వినిపిస్తే, ఆమె ఆపి అడిగినది ‘మోకాలితట్టు’ ఒక్కటే.

ఒక విడ్డూరం చెప్పకుండా ఉండలేను. గోదాలో దిగడం, పట్టు బిగించడం, పైఎత్తు వేయడం, మట్టి కరిపించడం, ఇన్ని కుస్తీ మాటలనూ మన పత్రికలు ఎన్నికల పేజీలో ధారాళంగా వాడతాయి. ‘చిత్తు చేయడం’ కూడా అటువంటిదే, వెల్లకిలా పడి ఉండడాన్ని హిందీలో ‘చిత్’ అంటారు, మన చిత్తు అక్కడి నుంచి వచ్చినదే అని నా నమ్మకం. అదే పత్రికలో క్రీడల పేజీకి వచ్చేసరికి కుస్తీ వార్త మొత్తం ఇంగ్లీషు నుంచి అనువాదమై, ‘ప్రత్యర్థిని కిందికి తీసుకుని’ అని ఉంటుంది. కిందికి తీసుకుని ఏం చేశాడో తెలియదు.

పైచుట్టు అన్నది నేను కూర్చిన మాట, దాని మీద నాకు పట్టింపు లేదు. పాత హైదరాబాదులో కుస్తీ నేర్పే తాలీంఖానాల చుట్టుపక్కల పెరిగినవారు, రాయలసీమ జాతరల్లో కుస్తీలు చూసినవారు ఈ బృందంలో ఉన్నారు. చేతి మీద చేయి చుట్టి బిగించే ఆ పట్టును మీ వస్తాదులు ఏమని పిలిచేవారో, అలాగే వెనుకకు చేరడానికి వారు వాడిన క్రియ ఏమిటో, ఉచ్చారణతో సహా ఇక్కడ రాయవలసిందిగా కోరుతున్నాను.